ముప్పై మూడో వంతు విమానం

మొన్న పెందుర్తి నుంచి శిరీష అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది, తీరిక దొరికితే కాగితం విమానాలు చేస్తుంది. మడిచి విసిరేవి కావు. అసలు విమానాన్ని కొలిచి, అన్ని కొలతల్నీ ఒకే లెక్కన తగ్గించి, మందపాటి కాగితం మీద ముక్కలుగా గీసి, కత్తిరించి అతికించేవి. నేను బతుకంతా చేసినవీ అవే. అడవివరంలో మా ముందుగది నిండా అవే ఉంటాయి. ఎవరైనా వస్తే కుర్చీలోంచి ముందు ఒక విమానాన్ని దించి తరవాత మనిషిని కూర్చోబెట్టాలి. ఆ అమ్మాయి సంచిలోంచి అంకెలు చూపించే కొలత పరికరం తీసి, నన్ను అడగకుండానే నా విమానం రెక్క కొలిచింది. మామూలుగా అయితే కసిరేదాన్ని. కానీ కొలిచాక ఆమె మొహం మారిన తీరు చూసి నాకే సరదా వేసింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఉంటే దాన్ని నేను గదిలో ఎందుకు ఉంచుతాను? "ఇంత కచ్చితంగా చెయ్యడం మీకు ఎవరు నేర్పారండీ?" అని అడిగింది. "మా అమ్మ" అన్నాను. "ఆవిడ ఇంజనీరా?" అంది. "కాదు, మల్కాపురంలో జాకెట్లు కుట్టేది." ఆ పిల్ల చాలా భక్తిగా తల ఊపింది. అమ్మ నేర్పిందన్నది అబద్ధం కాదు గానీ, నా మొదటి విమానాన్ని బకెట్లో నానబెట్టి నేర్పింది. అది చెప్పేలోపే ఆమె బస్సు టైమైపోయింది. నోటిదాకా వచ్చిన కథని మింగడం నాకు చేతకాదు కనక ఇక్కడ రాస్తున్నాను.

మల్కాపురంలో మాకు రెండు గదులూ ఒక వసారా ఉండేవి. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఇనప రాయిని ఓడకెక్కించే రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే ఎర్రటి పొడి వచ్చి ఇంట్లో అన్నిటిమీదా వాలేది. గిన్నెల మీద, దిండ్ల మీద, ఆరేసిన బట్టల మీద. తెల్లగుడ్డ కుట్టడానికి తెచ్చినవాళ్ళకి అమ్మ ముందే చెప్పేసేది: "గాలి మారితే నా పూచీ నేదు." నాన్న డ్యూటీ దిగి వచ్చి గడప అవతలే నిలబడి చొక్కా విప్పి దులిపేవాడు. ఎంత దులిపినా, ఎంత తోముకున్నా చెవుల వెనక ఎరుపు అలాగే ఉండేది. అమ్మ కుట్టుమిషను వసారాలో కిటికీ పక్కన. ఆ మూల ఎప్పుడూ మిషను నూనె వాసనా, కొత్త గుడ్డ గంజి వాసనా కలిసి ఉండేవి. మధ్యాహ్నం అయ్యేసరికి వాటిమీదికి పొయ్యి మీది ఎండుచేపల పులుసు వాసన వచ్చేది. మా ఇంటికి కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ పులుసు ఎలా పెట్టాలో అడిగి మరీ వెళ్ళేవారు. అమ్మ నోట్లో ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. అవి ఉన్నంతసేపూ ఆవిడతో వాదించడానికి లేదు, కనుబొమలతోనే జవాబు చెప్పేది. ఎదురుగా నిలబడ్డ మనిషిని కొలిచేటప్పుడు టేపు చెప్పింది ఒకటి, గుడ్డ మీద గీసేది ఒకటి. "ఊపిరి పీల్సుకోవాలి గదా, రెండు వేళ్ళ సందు ఒదిలీసేను" అనేది.

మా అమ్మకి ఉన్న నియమాల్లో గట్టిది ఒకటుంది. కొత్త లైనింగు గుడ్డ ఇంట్లోకి వస్తే ముందు బకెట్లోకి పోవాలి. ఒక రాత్రంతా నానాలి, తెల్లారి తీగ మీద ఆరాలి, ఆరాక బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద నలగాలి. అప్పుడే దానిమీద సుద్ద గీత పడేది. అలా చెయ్యకపోతే జాకెట్టు మొదటి ఉతుక్కే లోపలి గుడ్డ బిగుసుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. వీధి చివర ఇంకొకావిడ తడపకుండా కుట్టి ఇచ్చేదని, ఆవిడ కుట్టిన జాకెట్లు దీపావళికి కుట్టించుకుంటే నాగులచవితికే పనికిరావని అమ్మ చెప్పేది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నోట్లోంచి గుండుసూదులు తీసేది.

ఆ రోజుల్లో స్టీలు ప్లాంటు కడుతున్నారు. ఆ పని మీద రష్యావాళ్ళు ఊళ్ళోకి వచ్చి ఉండేవారు. వాళ్ళలో ఒకావిడ, మంచి భుజాలున్న మనిషి, ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. అమ్మ ఆవిడతో తెలుగులో మాట్లాడింది, ఆవిడ తన భాషలో మాట్లాడింది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. గౌను చూసుకుని ఎంత మురిసిపోయిందంటే, మర్నాడు మళ్ళీ వచ్చి నా చేతిలో ఒక పల్చటి పుస్తకం పెట్టి నా బుగ్గ గిల్లి వెళ్ళింది. అప్పటికి నేను ఇంటర్ పూర్తి చేసినదాన్ని. పొట్టిగా ఉంటాను కనక చిన్నపిల్లననుకుంది. పుస్తకం తెరిస్తే చదవడానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరమూ లేకపోయింది. పేజీల నిండా రంగుల్లో అచ్చు వేసిన ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో అంకె, చివర్లో ఆ ముక్కలన్నీ కలిస్తే వచ్చే విమానం బొమ్మ. రెక్కలు రెండు వరసలు. ఒకటి పైన, ఒకటి కింద, మధ్యలో సన్నటి నిలువు కర్రలు. అంత అందమైన వస్తువుని నేను అంతవరకూ చూడలేదు. ఇప్పటికీ చూడలేదనే చెబుతాను.

మా ఎదురింట్లో భాస్కరం గారని గోదావరి జిల్లా ఆయన ఉండేవారు. స్టీలు ప్లాంటులో డ్రాయింగులు గీసే ఉద్యోగం. పుస్తకం చూపిస్తే అట్ట మీద ఉన్న అంకెలు చదివి, "ఆయ్, ఇది ముప్పై మూడో వంతమ్మా. అసలు విమానం మీద ముప్పై మూడు మూరలుంటే నీ దగ్గర ఒక మూర ఉంటుంది. రెక్కైనా అంతే, చక్రమైనా అంతే. ఒక్క ముక్క ఆ లెక్క తప్పినా అది విమానం కాదు, విమానంలాంటిది," అన్నారు. అమ్మ విని, "ముప్పైమూడేటండీ? ముప్పైకి సేసుంటే లెక్క సులువు గదా!" అంది. భాస్కరం గారు అట్ట మీది అంకెల్ని మళ్ళీ చదువుకున్నారు. నాన్నకి మాత్రం వెంటనే బోధపడింది. క్రేన్ కేబిన్‌లోంచి రోజూ కిందికి చూసే మనిషి. "నాకు పైనించి లారీలూ మనుషులూ అలగే అగుపడతారు. అన్నీ ఒక్కలాగే సిన్నవైపోతాయి గాబట్టే ఏది ఎంత దూరమో తెలుత్తాది. ఒక్క లారీ మాత్రం పెద్దదిగా అగుపడితే నాను బరువు దాని మీద పడీసీవోణ్ణి," అన్నాడు. స్కేలు అంటే ఏమిటని ఇప్పుడు నన్ను ఎవరడిగినా మా నాన్న చెప్పినదే చెబుతాను.

ఆ వేసవిలో మా ఇంట్లోకి రెండో కుట్టుమిషను వచ్చింది. నాకోసమే. అమ్మకి పని ఎక్కువైంది, చేతులు చాలడం లేదు, నాకు చదువు మీద పెద్ద ధ్యాసా లేదు. అందరికీ సబబుగా తోచిన ఏర్పాటు అది. నాకు తప్ప. జాకెట్లంటే నాకు చిన్నచూపేమీ లేదు, ఆ జాకెట్లే మాకు అన్నం పెట్టాయి. కానీ ఆ పుస్తకం తెరిచిన రోజు నుంచి నా చేతులు చేయవలసిన పని ఏదో నాకు తెలిసిపోయింది, అంతే. భాస్కరం గారికి తెలిసిన నాయుడు గారని ఒకాయన ఉండేవారు. నేవీలో రిటైరై, గాజువాకలో షెడ్డు వేసుకుని ఎగ్జిబిషన్లకీ, ట్రైనింగు హాళ్ళకీ ఓడలవీ విమానాలవీ నమూనాలు చేసి పంపేవారు. చేతి శుభ్రత ఉన్న మనిషి ఒకరు కావాలంటున్నారని భాస్కరం గారు చెప్పారు. ఆడపిల్లని తీసుకుంటారా అని అడిగి వచ్చారు కూడా. "ఆడా మగా నాకెందుకు? సొంతంగా సేసిందేదైనా ఒట్టుకు రమ్మను. కొలిసి సూత్తాను" అన్నారట. వానలు తగ్గాక వెళ్ళాలి. నాన్న తీర్పు చెప్పాడు: "ఆయన కొలిసి బాగుందంటే ఎల్లు. బాగోనేదన్నాడంటే మిషను కాడ కూకో. మళ్ళీ ఈ మాట మా దగ్గిర ఎత్తకూడదు." నేను సరేనన్నాను. అప్పటికే ఆ ఉద్యోగం నా కొంగున కట్టుకున్నట్టు అన్నాను.

మూడు రోజులు పుస్తకాన్ని చూస్తూ కూర్చున్నాను గానీ కత్తెర పెట్టలేదు. ఉన్నది ఒకటే పుస్తకం, పోతే మళ్ళీ ఎక్కడా దొరకదు. లోపల ఎముకల్లాగా నిలబెట్టే ముక్కలకి గట్టి అట్ట కావాలి. ఇంట్లో ఉన్న శుభలేఖలన్నీ తీసి, పసుపు రాసిన మూలలు కత్తిరించేసి, మందాన్ని బట్టి వేరువేరుగా కట్టలు కట్టాను. మైదా జిగురు ఉడికించాను. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేశాను. చివరికి ఒక సాయంత్రం పుస్తకం కుట్టు విప్పి, కాగితాలన్నీ విడదీసి, అమ్మ గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టి, "పొద్దున్నే కత్తిరిత్తానమ్మా" అని చెప్పి పడుకున్నాను. తెల్లారి లేచి మొహం కడుక్కుని బ్లేడు కోసం కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"అమ్మా, నా కాయితాలేవే?"

"తీగ మీద సూడు. లైనింగుతో పాటే రాత్రి తడిపీసేను," అంది అమ్మ. ఆ గొంతులో ఎంత గర్వమో! అడగకుండానే కూతురి పని సగం చేసి పెట్టిన తల్లి గర్వం. బయటికి పరిగెత్తాను. రెండు తెల్ల లైనింగు ముక్కల మధ్యన నా విమానం ముక్కముక్కలుగా క్లిప్పులకి వేలాడుతోంది. పై రెక్క, కింద రెక్క, తోక, చక్రాలు, పైలట్ కూర్చునే గది. అన్నిటి అంచుల నుంచీ నీళ్ళు కారుతున్నాయి. దానికి తోడు గాలి తిరిగింది.

నేను అరిచిన అరుపుకి భాస్కరం గారి ఇంట్లోంచి కూడా మనుషులు బయటికి వచ్చారు. అమ్మకి మాత్రం నా బాధేమిటో అర్థం కాలేదు. నటించడం కాదు, నిజంగానే అర్థం కాలేదు.

"కత్తిరిత్తానన్నావు గదే! తడపకండా కత్తిరించీడం మన ఇంట్లో ఉందేటి?"

"అది గుడ్డ కాదమ్మా! కాయితం!"

"కాయితమని నాకు తెల్దేటి? కాయితం తగ్గదని నీకెవులు సెప్పేరు?"

ఆ మాటతో కోపం ఇంకా పెరిగింది. ఆ పూట అన్నం తినలేదు, ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆవిడకి పోయేదేమీ లేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని తన పని తను చేసుకుంది. కాగితాలు ఆరాక వాటి మీద పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, ఎర్రపొడి మెత్తటి బట్టతో తుడిచి, మళ్ళీ నా బల్ల మీద వరసగా పేర్చింది. నాన్నతో అంటోంది, నాకు వినబడేలాగా: "రంగు పోనేదు. సిరగనేదు. ఇదివరకటికన్నా సాపుగా ఉన్నాయి. మరేటి దాని బాధ?" చూస్తే నిజమే. రంగు చెక్కు చెదరలేదు. పుస్తకంలో ప్రతి పేజీ అంచునా ఒక గీత గీసి, అది పది సెంటీమీటర్లని అచ్చు వేసి ఉంది. ఏ పేజీ గీతని ఆ పేజీకి ఒక కాగితం పీలిక మీద గుర్తుపెట్టుకుని, దాంతో ముక్కలన్నీ కొలిచి, పక్కన వేసిన కొలతలతో పోల్చి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మ మీద కోపం అలాగే ఉంచుకుని పని మొదలుపెట్టాను.

కింద రెక్క చక్కగా వచ్చింది. పై రెక్క ఇంకా చక్కగా వచ్చింది. రెండిటి మధ్యా కర్రలు నిలబెట్టే రోజున బయటపడింది. ఏ కర్ర ఎక్కడ నిలబడాలో రెండు రెక్కల మీదా చుక్కలు అచ్చు వేసి ఉన్నాయి. విమానం ఒళ్ళు దగ్గరి కర్రలు నిటారుగానే నిలబడ్డాయి. చివరకి వెళ్ళేకొద్దీ వాలిపోయాయి. ఆఖరి కర్రలైతే తప్పతాగి గోడకి ఆనుకున్న మనుషుల్లా ఉన్నాయి. పై చుక్కా కింది చుక్కా ఒకదానికొకటి ఎదురుగా లేవు. రెక్కల్ని విప్పి మళ్ళీ అతికించాను. మళ్ళీ అంతే. నాయుడు గారు దీన్ని కొలవక్కర్లేదు, గుమ్మంలోంచి చూసి వెనక్కి పంపేస్తారు. నేను వచ్చి రెండో మిషను ముందు కూర్చోవడమే. ఆ మిషను మీద అమ్మ నాకిష్టమైన రంగని నీలం గుడ్డ కప్పి ఉంచింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది.

భాస్కరం గారు తన స్టీలు స్కేలు పట్టుకుని వచ్చి వసారాలో కింద కూర్చున్నారు. మిగిలిన కాగితాల అంచుల మీద గీతలు కొలిచారు. పై రెక్క ఉన్న కాగితం మీద గీత పదికి తక్కువుంది. కింద రెక్క ఉన్న కాగితం మీద సరిగ్గా పది ఉంది. "నువ్వు దేంతో కొలిచావమ్మా?" అని అడిగారు. పీలిక చూపించాను. "ఆయ్, అదే మరి. కాగితం తగ్గినప్పుడు దాని మీది గీతా తగ్గింది. తగ్గినదాన్ని తగ్గినదాంతో కొలిస్తే తేడా ఎలా తెలుస్తుంది? కొలబద్ద ఎప్పుడూ బయటినుంచి రావాలి." సరే, మరి ఒకటి తగ్గి ఇంకొకటి తగ్గకపోవడం ఏమిటని నేను అడుగుతూ ఉండగా అమ్మ మిషను ఆపింది. నోట్లో సూదులు తీసింది. "నిలువు పడుగు తగ్గుతాది, అడ్డం పేక తగ్గదు. గుడ్డకీ అంతే గదండీ," అంది. భాస్కరం గారు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. కాగితానికీ లోపల ఒకవైపుగా పోగులుంటాయని, మా పై రెక్క ఆ పోగుల వెంట పడుకుని ఉందని, కింద రెక్క అడ్డంగా ఉందని తేల్చారు. ఒకే విమానం, రెండు స్కేళ్ళు.

అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. మా అమ్మ పనిలో గుడ్డ ఇంటికి వచ్చేటప్పుడు దానిమీద ఏ గీతా ఉండదు. తడపడం ముందు, గియ్యడం తరవాత, కత్తిరించడం ఆఖర్న. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చేతులకి వచ్చిన వరస అది. నా కాగితం మాత్రం పరాయి దేశంలోనే గీతలు గీయించుకుని వచ్చింది. ఆవిడ తడిపింది గీతల్ని. ఇది తెలిశాక కోపం తగ్గి ఉండాలి. తగ్గలేదు, నేను అంత మంచిదాన్ని కాదు. కానీ దారి దొరికింది. ఏ ముక్క ఎటువైపు ఎంత తగ్గిందో తెలిస్తే దాన్ని వెనక్కి పెంచవచ్చు. భాస్కరం గారు తన పాత స్టీలు స్కేలు నాకే ఇచ్చేశారు. ఒక్కొక్క ముక్కా తీసుకుని, పోగు ఎటుందో చూసుకుని, పొడుగు వేరుగా వెడల్పు వేరుగా లెక్కగట్టి, కొత్త డ్రాయింగు కాగితాల మీద విమానాన్నంతా నా చేత్తో మళ్ళీ గీశాను. వానలన్నీ ఆ పనిలోనే కురిసి వెళ్ళిపోయాయి. గీసే ముందు ఒక పని చేశాను. అమ్మ చేపల బజారుకి వెళ్ళిన పొద్దుటిపూట, ఆ ఖాళీ డ్రాయింగు కాగితాల్ని బకెట్లో తడిపి తీగ మీద ఆరేశాను. ఆవిడ తిరిగి వచ్చి చూసింది. సంచీ కింద పెట్టి, నేను క్లిప్పులు సరిగ్గా పెట్టలేదని రెండు తీసి మళ్ళీ పెట్టి లోపలికి వెళ్ళింది. నేను చూడనట్టు ఉన్నాను.

ఆ రోజులే బంగారమని నేను ఎప్పుడూ అనను. శిరీష తెచ్చిన కొలత పరికరం ఆ వసారాలో నా దగ్గర ఉండి ఉంటే దానికి రోజూ హారతి ఇచ్చేదాన్ని. ఇప్పుడు విమానం గీతలు కంప్యూటర్లో ఉంటాయి, పాడైతే ఇంకొకటి అచ్చు వేసుకుంటారు, తెల్లటి అట్ట ఎంత మందం కావాలంటే అంత మందం దొరుకుతుంది. ఎవరూ శుభలేఖల మూలలు కత్తిరించక్కర్లేదు. బాగుంది, అలాగే ఉండాలి. నా చిరాకు ఒక్కటే. ముక్క కుదరకపోతే ఈ పిల్లలు పారేసి మళ్ళీ అచ్చు వేస్తారు, ఎందుకు కుదరలేదని దాన్ని నిలబెట్టి అడగరు. నాకు రెండో కాగితం లేదు గాబట్టి అడిగాను. అడిగి తెలుసుకున్నది ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది. పక్కవాళ్ళ విమానాలకన్నా నావి ఎందుకు బాగుంటాయని ఎవరైనా అడిగితే నేను మొహమాటపడి తల దించుకోను, నావి సరిగ్గా ఉంటాయి గనక అంటాను. మా అమ్మ కూడా తన జాకెట్ల గురించి అలాగే అనేది. చూపు పూర్తిగా ఆనకుండా పోయేదాకా కుట్టింది. ఆవిడ పోయినప్పుడు వీధిలో ఆడవాళ్ళు ఆవిడ కుట్టిన జాకెట్లే వేసుకుని వచ్చారు, చూసి గుర్తుపట్టి ఏడ్చాను.

నాయుడు గారి షెడ్డుకి వెళ్ళే రోజున నాన్నకి డ్యూటీ పడింది. అమ్మే నాతో వచ్చింది, పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని. విమానం జాకెట్లు పెట్టే పెద్ద అట్టపెట్టెలో ఉంది, సిటీ బస్సులో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాయుడు గారు లావుపాటి మనిషి, కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకునేవారు. విమానాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగి చూశారు. కర్రలు నిటారుగా ఉన్నాయి. "సెయ్యి బాగుంది," అన్నారు. తరవాత బీరువాలోంచి ఆ విమానం కొలతల బొమ్మ ఉన్న కాగితం తీశారు. డివైడరు పెట్టి ఒక్కొక్కటీ కొలిచి లెక్క చూడడం మొదలుపెట్టారు. ఒళ్ళు పొడుగు సరిపోయింది. తోక ఎత్తు సరిపోయింది. పై రెక్క దగ్గర ఆగారు. మళ్ళీ కొలిచారు. కళ్ళజోడు తీసేశారు.

"రెక్క పొడుగైపోనాదమ్మా. ఒక గోరంత. మిగతాదంతా బాగుంది గాని, గోరంతైనా తప్పు తప్పే గదా. నా పని అలాటిది."

నీలం గుడ్డ కప్పిన మిషను కళ్ళ ముందు నిలబడింది. అమ్మ వైపు చూశాను. ఆవిడ నేలకేసి చూస్తోంది, ముఖం పాలిపోయి ఉంది. ఆవిడ అలా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. ఎన్నిసార్లు ఎవరు జాకెట్టు వెనక్కి తెచ్చినా, "నాది కాదు, నీ ఒళ్ళే మారింది" అని తిరగగొట్టే మనిషి. ఆ క్షణాన నాకు నాయుడు గారి మీద ఎక్కడలేని పట్టుదల వచ్చింది. ఆ రెక్కని నేను ఎన్నిసార్లు కొలిచానో నాకు తెలుసు.

"నా రెక్క తప్పు కాదండీ," అన్నాను. "మీ బొమ్మే తప్పు."

"నోర్ముయ్యే గుంటా!" అని అమ్మ నా జబ్బ మీద గిల్లింది. నాయుడు గారు కోప్పడలేదు. "ఏటి తప్పు?" అన్నారు.

"ఇది పుస్తకంలో అచ్చయిన కాయితమేనాండీ?"

"కాదు, జిరాక్సు. పుస్తకం లైబ్రరీది, ఇచ్చీసేను."

"రెక్క కింద కొలత గీత ఒకటుంది గదండీ. దాని మీద మీ స్టీలు స్కేలు పెట్టి సూడండి. అంతే, ఇంకేటీ సెయ్యొద్దు."

ఆయన స్కేలు పెట్టారు. వంగి చూశారు. కాగితాన్ని అరచేత్తో బల్లకి అదిమి మళ్ళీ పెట్టారు. రెక్క ఎటుందో ఆ గీతా అటే ఉంది, ఎంత ఉండాలో అంత లేదు; కాగితం రెక్క వైపు మాత్రమే తగ్గింది, ఒళ్ళు వైపు తగ్గలేదు. ఆయన పెన్సిలు తీసి, తగ్గిన గీతని బట్టి రెక్కని కొత్తగా లెక్కగట్టారు. నా రెక్క కొలిచారు. పెన్సిలు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టారు, పొట్ట కదిలేలాగా.

"ఓలమ్మో! ఈ కాయితం సూసి ఎన్ని బొమ్మలు సేసి పంపీసేనో! ఒక్కడూ అడగనేదు." నవ్వు ఆపుకుని కళ్ళు తుడుచుకున్నారు. "సోమారం నించి వొచ్చీ. నీ స్కేలు నువ్వే తెచ్చుకో, నాది నాను ఎవులికీ ఇవ్వను."

తిరుగు బస్సులో మాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. అమ్మ ఉద్యోగం గురించి అడుగుతుందేమో, రోజూ అంత దూరం ఎలా వెళ్తావంటుందేమో అనుకున్నాను. బస్సు గాజువాక దాటాక, ఎంతో ఆలోచించి తేల్చుకోలేకపోయిన మనిషిలాగా నా వైపు తిరిగింది.

"అయితే, ఆయన కాయితం ఎవులు తడిపేరే?"

"ఎవులూ తడపనేదమ్మా. జిరాక్సు మిషన్లోనే అలగ తగ్గిపోయుంటాది. ఎందుకు తగ్గిందో ఆయనకీ తెల్దు. తగ్గినట్టే తెల్దు."

అమ్మ పవిట సర్దుకుని, నిటారుగా కూర్చుని అంది:

"అలగైతే మనమే నయం. మనది ఎందుకు తగ్గిందో మనకి తెలుసు."

తను తడిపినందువల్లే నా విమానం పాడైందని మా అమ్మ ఒప్పుకోవడం జన్మలో ఆ ఒక్కసారే విన్నాను, అదీ ఏదో ఘనకార్యం చెప్పుకుంటున్నట్టు. నాలో మిగిలి ఉన్న కోపమంతా అక్కడే పోయింది. ఆవిడ మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, బస్సులో అందరి ముందూ కావలించుకునేదాన్నే. ఒళ్ళో పెట్టె ఉంది, రెక్క నలుగుతుందని ఊరుకున్నాను.